తలుపు తీస్తే శ్రీలత

ఎల్లారెడ్డి ఊరి మిషన్ బడిలో చదువుకున్న వాళ్లను ఎవరినైనా పట్టుకొని, మీ క్రిస్మస్ సినిమా చివరికి ఏమవుతుందని అడగండి. పెండ్లి అవుతుందంటారు. ఎవరి పెండ్లి అంటే, మన వీడియో లింబాద్రి పెండ్లి అంటారు. మీరు నవ్వితే వాళ్లకు కోపం వస్తుంది. మేం కండ్లారా చూసినం, ఏటేటా చూసినం అని ఒట్టేసి చెబుతారు.

వాళ్ల తప్పు లేదు. తప్పంతా లింబాద్రిదే.

అది పాతకాలపు ఇంగ్లీషు సినిమా. ఎక్కడో మంచు కురిసే ఊరిలో ఒక లావుపాటి రొట్టెల దుకాణపు ఆయన ఉంటాడు. పెండ్లాం చచ్చిపోయిన నాటి నుంచి నవ్వడం మానేశాడు. క్రిస్మస్ ముందటి రోజు ఆయన పొయ్యి గొట్టంలోంచి ఒక దేవదూత జారిపడి, ఒక రెక్క కాల్చుకుంటాడు. పైనుంచి వచ్చిన హుకుం ఏమిటంటే, తెల్లారేలోపు ఈ మనిషిని నవ్వించాలి, లేకపోతే రెండో రెక్క కూడా పీకేస్తారు. ఈ దేవదూత ముట్టుకున్నదల్లా పాట పాడుతుంది. కెటిల్ పాడుతుంది, కుర్చీ పాడుతుంది, రొట్టె పిండి గిన్నెలోంచి లేచి గంతులేస్తూ పాడుతుంది. పాట రానిది దేవదూత ఒక్కడికే. వాడు నోరు తెరిస్తే గాజు గ్లాసులు పగులుతాయి. పిల్లలు కడుపు పట్టుకొని నవ్వేవారు, ఆ లావుపాటాయన మాత్రం నవ్వడు. చివరికి కుర్చీ, కెటిల్ అన్నీ గొంతు తగ్గించి ఒక పాట మెల్లగా పాడతాయి. పాట మధ్యలో ఎవరో తలుపు కొడతారు. ఆయన చేతిలోని రొట్టెల కర్ర కింద పడిపోతుంది. తలుపు దాకా పోతాడు. గడియ మీద చెయ్యి పెడతాడు. తలుపు తీస్తాడు.

అంతే. తెర మీద అడ్డగీతలు పరుగెడతాయి, బొమ్మ రెండుసార్లు ఎగిరిపడుతుంది. మరుక్షణం పసుపు చీర కట్టుకొని, నుదుటికి బాసికంతో, శ్రీలత తల ఎత్తి చూస్తుంది.

శ్రీలత లింబాద్రి భార్య. పెండ్లయిన ఏడాదికి లింబాద్రి తన వీడియో దుకాణానికి కామారెడ్డి నుంచి రెండో వీసీఆర్ తెచ్చాడు. క్యాసెట్ నుంచి క్యాసెట్‌కు ఎక్కించుకోవచ్చని మహా సంబరం. పరీక్ష చేద్దామని ఒకదాంట్లో తన పెండ్లి క్యాసెట్ పెట్టాడు, రెండోదాంట్లో చేతికందిన క్యాసెట్, ఎక్కడ ఆగి ఉందో చూడకుండా, పెట్టాడు. ఆ చేతికందింది మిషన్ బడి సిస్టరమ్మది. కేరళ నుంచి తెచ్చుకొని, బూజు తుడిచిపెట్టమని ఇచ్చి పోయింది. పదకొండు నిమిషాలు ఎక్కాక గాని ఈ మొనగాడికి తెలివి రాలేదు. అప్పటికే సినిమా చివరి ముక్క మొత్తం పోయింది.

సిస్టరమ్మ దుకాణం మెట్ల మీద నిలబడి అడిగింది.

"లింబాద్రీ, నా దేవదూతను ఏం చేసినావు?"

"లగ్గానికి తోలిన సిస్టరమ్మా," అన్నాడు లింబాద్రి. లోపల శ్రీలత కొంగు నోట్లో కుక్కుకొని నవ్వింది.

అసలు పెండ్లి క్యాసెట్ గతి ఏమైందంటే, అది కూడా ఉంచుకోలేదు. ఎవరో క్రికెట్ మ్యాచ్ ఎక్కించిమ్మని వచ్చారు. దుకాణంలో ఖాళీ క్యాసెట్ లేదు. శ్రీలతే లోపలి నుంచి పెండ్లి క్యాసెట్ తెచ్చి చేతిలో పెట్టింది. లింబాద్రి వెనకాముందాడితే, "మనిషిని ముంగటనే ఉన్న గద, బొమ్మెందుకు నీకు?" అంది. నిజమే అనుకున్నాడు. ఆ మాట నిజం కాకుండా పోవడానికి మూడేండ్లే పట్టింది. శ్రీలతకు కామెర్లు వచ్చాయి. ముందు పసరు పోయించారు, పథ్యం పెట్టారు, కండ్లు పూర్తిగా పచ్చబడ్డాక కామారెడ్డి తీసుకుపోయారు, మనిషి దక్కలేదు. అప్పటికి బిడ్డ అనిలకు రెండేండ్లు నిండలేదు.

అట్లా ఆ మనిషి కదిలే బొమ్మ భూమ్మీద ఆ పదకొండు నిమిషాలే మిగిలింది. అదీ ఒక ఇంగ్లీషు సినిమా తోకకు.

ఫోటోలు ఉన్నాయి, లేకేం. కాని ఫోటోలు మాట్లాడవు. ఆ పదకొండు నిమిషాల్లో శ్రీలత మాట్లాడుతుంది. ఒకే ఒక్క మాట. తలంబ్రాలు పోసేటప్పుడు లింబాద్రి ఉత్సాహం పట్టలేక దోసెడు దోసెడుగా గుమ్మరిస్తాడు. పెండ్లికూతురు సిగ్గూ గిగ్గూ వదిలేసి, "మెల్లగ పొయ్యిరాదూ, కండ్లల్ల పడ్తున్నయ్!" అని గట్టిగా అరుస్తుంది. అరిచి నవ్వుతుంది. ఆ నవ్వు చివర ముక్కుతో చిన్నగా గురక లాంటి చప్పుడొకటి వస్తుంది, దానికి తనే ఇంకా నవ్వుతుంది. వెనకనుంచి మేనత్త ఎవరో తొడ మీద గిల్లుతుంది.

బడిలో క్రిస్మస్‌కు ఆ సినిమా వెయ్యడం ఆనవాయితీ. ఇంకో క్యాసెట్ కొందామంటే దొరకలేదు, దొరికినా సిస్టరమ్మ దగ్గర పైసలు లేవు. లింబాద్రే టీవీ, వీసీఆర్ మోసుకుపోయి, పక్కన నిలబడి కథ తెలుగులో చెప్పేవాడు. ఇంగ్లీషు తనకెంత వచ్చో పిల్లలకూ అంతే వచ్చు కాబట్టి గొడవ లేదు. తలుపు తియ్యగానే టక్కున ఆపేసేవాడు.

అనిల ఒకటో తరగతిలో చేరిన ఏడు ఆపబోయాడు. చెయ్యి ఒక క్షణం ఆలస్యమైంది. తెర మీద శ్రీలత తల ఎత్తింది. ముందు వరసలో కూర్చున్న అనిల లేచింది. ఎవరూ చెప్పలేదు, ఎట్లా గుర్తుపట్టిందో దేవుడికే తెలుసు. నడుచుకుంటూ పోయి టీవీ అద్దం మీద, అమ్మ చెంప ఉన్న చోట, అరచెయ్యి పెట్టింది. లింబాద్రి చెయ్యి బటన్ మీదికి పోతే సిస్టరమ్మ పట్టుకొని ఆపింది.

ఆనాటి నుంచి ఆపలేదు. బడి బడంతా ఏటా శ్రీలత పెండ్లి చూసింది. తలంబ్రాల చోటు రాగానే రెండు వందల మంది పిల్లలు ఒక్క గొంతుతో, "మెల్లగ పొయ్యిరాదూ, కండ్లల్ల పడ్తున్నయ్!" అని ఆమెతో కలిసి అరిచేవారు. అందరికంటే గట్టిగా, వెనక వరసలో కూర్చునే యాకూబు అనే పిల్లవాడు అరిచేవాడు. ఆ సినిమా అసలు ముగింపు ఏమిటో సిస్టరమ్మకు తప్ప ఎల్లారెడ్డిలో ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలని కూడా ఎవరికీ అనిపించలేదు. పెండ్లాం చచ్చిపోయిన ఆయన తలుపు తీస్తే ఎదురుగా పెండ్లికూతురు నిలబడింది. ఇంకేం కావాలి?

వీడియో దుకాణం పోయింది. జిరాక్స్ మిషన్ వచ్చింది, ఫోన్ రీఛార్జిలు వచ్చాయి. వీసీఆర్ పాడైపోయి అటక ఎక్కింది. అనిల చదువుకొని కామారెడ్డిలో రక్తపరీక్షల ల్యాబ్‌లో పనికి కుదిరింది. వచ్చినప్పుడల్లా, "బాపు, గా క్యాసెట్ పెన్ డ్రైవ్‌ల ఎక్కియ్యి," అనేది. రేపు, ఎల్లుండి అంటూ లింబాద్రి పదమూడేండ్లు గడిపాడు. ఆ క్యాసెట్ ఇంకొకరి చేతిలో పెట్టడమంటే ప్రాణం ఒప్పేది కాదు. బియ్యం డబ్బాలో, బట్టలో చుట్టి, చెమ్మ తగలకుండా దాచాడు.

ఈ ఏడు ఇక తప్పలేదు. సిస్టరమ్మ ముసలిదైపోయి కేరళకు వెళ్లిపోతోంది. పాత పిల్లలంతా కలిసి డిసెంబరు ఇరవై మూడున మధ్యాహ్నం బడిలో పెద్ద తెర కట్టి సినిమా వేద్దామనుకున్నారు. ఆటో నడుపుకునే యాకూబే దీనికంతటికీ పెద్ద. అనిల ఫోన్ చేసింది.

"బాపు, గంత పెద్ద తెర మీద అమ్మను ఎన్నడు చూసినం? మొకమంటే ఫోటోల్ల చూస్తున్న. గొంతు వినక ఎన్నేండ్లయిందో. యాది వస్తలేదు బాపు నాకు."

ఆ మాటతో లింబాద్రి కదిలాడు. కామారెడ్డిలో కృష్ణమోహన్ స్టూడియోకు పోయాడు. పాత క్యాసెట్లు కంప్యూటర్‌కు ఎక్కించేది ఈ చుట్టుపక్కల అతనొక్కడే. లోపల పాస్‌పోర్ట్ ఫోటోలకని వచ్చిన ఆడవాళ్లు ఇద్దరు, పెండ్లి ఆల్బం చూసుకుంటున్న ఒక జంట.

"ఏముందన్నా దీంట్ల?" అన్నాడు కృష్ణమోహన్.

దారి పొడుగునా మాటలు పేర్చుకున్నాడు లింబాద్రి. దీంట్ల సివరికి నా పెండ్లి ఉంది తమ్మీ, నా పెండ్లాం ఉంది, ఆమె లేదిప్పుడు, పైలంగ చూస్కో. ఆ నాలుగు మాటలు నాలుక మీదికి వచ్చాయి. ఆడవాళ్లు ఇటు చూశారు. భార్య పేరు పదిమందిలో ఎత్తని వంశం వాళ్లది. వాళ్ల బాపు బతికినన్నాళ్లు పెండ్లాన్ని 'ఇగో' అని మాత్రమే పిలిచి పోయాడు. అరవై ఏండ్లకు దగ్గరపడుతూ, చచ్చిపోయిన పెండ్లాం గురించి స్టూడియోలో నిలబడి చెప్పుకోవాలంటే లింబాద్రికి మెడ వంగిపోయింది.

"క్రిస్మస్ సినిమా," అన్నాడు.

"గంతేనా?"

"గంతే."

ఫోన్ చేసి చెబుతాలే అనుకున్నాడు. మూడు రోజులు ఫోన్ చేతికి తీసుకోవడం, కింద పెట్టడం. చూడంగనే ఆయనకే సమజైతది గద అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు. ఒక్క ఫోన్ చెయ్యడానికి ఏం మాయరోగం అని అడగాలనిపిస్తుంది.

ఇరవై మూడు పొద్దున పోయేసరికి కృష్ణమోహన్ ముఖం పెట్రోమాక్స్ లైటులా వెలుగుతోంది. కుర్చీ వేశాడు, చాయ్ చెప్పాడు.

"అన్నా, నీ సినిమా కోసం రెండు రోజులు కూసున్న. మంచి సినిమా. మా పిల్లలు గూడ నవ్వి నవ్వి సచ్చిన్రు. కాని ఎవడో తెలివి తక్కువోడు సివరికి ఎవర్దో పెండ్లి ఎక్కిచ్చిండన్నా. గంత మంచి సినిమాను ఖరాబు జేసిండు."

లింబాద్రి చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

"నువ్వు బాధపడకు. పెండ్లి రాంగనే రికార్డింగ్ ఆపేసిన. నెట్ల దేవులాడి దేవులాడి అసలు క్లైమాక్స్ దొరకవట్టి అతికిచ్చిన. అతుకు గూడ కనవడది. ఎప్పుడన్న చూసినవా అసలుది?"

"లేదు," అన్నాడు లింబాద్రి. "క్యాసెట్ ఏదీ?"

"గదొక్కటే ఖరాబైందన్నా. ఎనకకు తిప్పుతుంటే లోపల పట్టుకుంది. బూజు వట్టి ఉండె గద, తీస్తే సివరి రీలంత ముక్కలు ముక్కలైంది. మన అదృష్టం, సినిమా ముందుగాలనే ఎక్కింది."

బల్ల కింద చెత్తబుట్ట ఉంది. లింబాద్రి కుర్చీ దిగి మోకాళ్ల మీద కూర్చుని అందులో చెయ్యి పెట్టాడు. రీలు ముక్కలు జానెడు, బెత్తెడు, వేలెడు. కొన్ని నలిగి ఉండలు కట్టాయి. చాలావాటికి నలుపు రాలిపోయి, అవతలి మనిషి కనబడేటట్టు తేటగా ఉన్నాయి. లింబాద్రి ఏండ్ల తరబడి క్యాసెట్లతో బతికినవాడు, ఒకరు చెప్పనక్కరలేదు. బొమ్మయినా గొంతయినా ఆ నలుపులోనే ఉంటుంది. అనిల చిన్నప్పుడు దుకాణంలో పక్కన కూర్చుని క్యాసెట్లు తుడుస్తుంటే తనే నేర్పాడు: నలుపు రాలిందంటే బొమ్మ పోయినట్టే బిడ్డా, మెల్లగ తుడువు.

ముక్కలు ఏరి పాలిథిన్ కవర్లో వేసుకున్నాడు. వేళ్లకు సన్నటి నల్లటి పొడి అంటుకుంది.

"దాంతోటి ఏం జేస్తవన్నా?" అన్నాడు కృష్ణమోహన్. లింబాద్రి వాలకం చూసి అతని ముఖంలో వెలుగు కొంచెం తగ్గింది. "ఏమన్న తప్పయిందా?"

ఇప్పుడైనా చెప్పొచ్చు. చెబితే ఏం లాభం? ఆ మనిషి రెండు రోజులు కష్టపడ్డాడు, బడి పిల్లలకంటే పైసలు కూడా వద్దన్నాడు. వాడి మనసు విరగ్గొడితే శ్రీలత తిరిగి వస్తుందా?

"లేదు తమ్మీ. మంచిగ చేసినవ్," అని పెన్ డ్రైవ్ జేబులో వేసుకున్నాడు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని కుడిచెయ్యి ఒడిలో వెల్లకిలా పెట్టుకున్నాడు. కండక్టర్‌కు ఎడమచేత్తో పైసలిచ్చాడు. ఎల్లారెడ్డిలో దిగాక బడిలో భోజనాలు పెడుతున్నారు. ఆకలి లేదన్నాడు. తింటే చెయ్యి కడుక్కోవాలి కదా.

అనిల పొద్దున్నే వచ్చేసింది. ఆకుపచ్చ చుడీదారు వేసుకుని గేటు దగ్గరే ఎదురొచ్చింది. "తెచ్చినవా బాపు?" అంటూ చెయ్యి చాపింది. లింబాద్రి ఆ ముఖం చూసి, ఎడమచేత్తో పెన్ డ్రైవ్ తీసి అందులో పెట్టాడు. రెండుసార్లు, "బిడ్డా, ఒక మాట," అన్నాడు. రెండుసార్లూ ఎవరో వచ్చి అనిలను లాక్కుపోయారు. నిజం చెప్పాలంటే, లాక్కుపోయినందుకు లోపల్లోపల బతికిపోయాను అనుకున్నాడు. స్టూడియోలో చేసిన పిరికితనం చాలదన్నట్టు ఆ రోజంతా పిరికివాడుగానే ఉన్నాడు.

కిటికీలకు దుప్పట్లు కట్టి గదిని చీకటి చేశారు. మొదటి వరసలో సిస్టరమ్మ, ఆమె పక్కన అనిల, అనిల పక్కన లింబాద్రి. సినిమా మొదలైంది. దేవదూత జారిపడ్డాడు, రెక్క కాలింది, కెటిల్ పాడింది. పెండ్లిండ్లయి పిల్లల తల్లులైన వాళ్లు కూడా చిన్నప్పటిలాగే నవ్వారు. రొట్టె పిండి గంతులేస్తుంటే యాకూబు లేచి తనూ గంతులేశాడు. అనిల నవ్వుతూనే తండ్రి వైపు చూసి, "ఇగ వస్తది, ఇగ వస్తది," అంటోంది.

కుర్చీ, కెటిల్ గొంతు తగ్గించాయి. మెల్లటి పాట వచ్చింది. తలుపు చప్పుడైంది. రొట్టెల కర్ర కింద పడింది. అనిల ముందుకు వంగి కూర్చుంది. లావుపాటాయన తలుపు దాకా పోయాడు. గడియ మీద చెయ్యి పెట్టాడు. తలుపు తీశాడు.

తలుపు బయట ఎవరూ లేరు.

మంచు కురుస్తోంది, అంతే. ఆయన గడప దాటి ఇటు చూశాడు, అటు చూశాడు. గాలికి చెట్టుకొమ్మ ఒకటి తలుపుకు తగులుతోంది. చప్పుడు చేసింది అదే. వెనక దేవదూత తలవంచుకొని నిలబడ్డాడు. పోయినవాళ్లను తేవడం వాడి చేతిలో లేదు పాపం, ఆ సంగతి వాడి ముఖం చూస్తేనే తెలుస్తుంది. లావుపాటాయన చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. తరువాత తలుపు మూయకుండానే లోపలికి వచ్చి, కింద పడ్డ కర్ర తీసుకొని, రొట్టెలు చెయ్యడం మొదలుపెట్టాడు.

"అరే, పెండ్లేది?" అని ఎవరో అన్నారు.

"లింబాద్రన్నా, మన పెండ్లేదన్నా? శ్రీలతక్కేది?"

తెర మీద తెల్లవారింది. ఊరి పిల్లలు రొట్టెల కోసం తెరిచిన తలుపులోంచి వస్తున్నారు. ఎవరూ చూడటం లేదు. యాకూబుకు విషయం తెలియదు, ఏదో మిషన్ లోపం అనుకున్నాడు. అనిల ముఖం చూసి నవ్వించాలనుకున్నాడేమో, చెడ్డ బుద్ధి కాదు వాడిది. లేచి నిలబడి, "గీడ్నించి మనమే ఆడుదాం రా! బాసికం కట్టిన్రు, తల ఎత్తింది, తలంబ్రాలు తెచ్చిన్రు, లింబాద్రన్న పోస్తున్నడు, పోస్తున్నడు..." అన్నాడు.

గది గదంతా ఒక్కసారి అరిచింది.

"మెల్లగ పొయ్యిరాదూ, కండ్లల్ల పడ్తున్నయ్!"

నలభై యాభై గొంతులు. మగ గొంతులు, ఆడ గొంతులు, కేరళ యాసలో వణుకుతున్న సిస్టరమ్మ గొంతు. ఒక్క అక్షరం ఎవరూ మర్చిపోలేదు. అందులో శ్రీలత గొంతు ఒక్కటే లేదు.

అనిల తండ్రి వైపు తిరిగింది. అందరి నవ్వుల మధ్య, అతనికి మాత్రమే వినబడేటట్టు అడిగింది.

"అమ్మ గిట్లనే అన్నదా బాపు? గిట్లనే నవ్విందా?"

లింబాద్రి కండ్లు మూసుకొని ఆ నవ్వు కోసం వెతికాడు. నాలుగేండ్లు ఒకే ఇంట్లో, పొద్దున లేచిన దగ్గర నుంచి విన్న నవ్వు. క్యాసెట్లో భద్రంగా ఉందిలే అని తను దాన్ని మోసుకు తిరగడం ఎప్పుడో మానేశాడు. చివర్లో ముక్కుతో చప్పుడొచ్చేదని తెలుసు. అది ఎట్లా ఉండేదో ఎంత తవ్వినా దొరకలేదు.

"గిట్లనే బిడ్డా," అన్నాడు.

ఎవరో దుప్పటి పక్కకు తీశారు, గదిలోకి ఎండ పడింది. అనిల అతని చెయ్యి పట్టుకొని చూసింది.

"చేతులకేంది బాపు, గింత మసి?" అని, ఎప్పటి అలవాటు కొద్దీ చున్నీ అంచుతో తుడవబోయింది.

లింబాద్రి పిడికిలి బిగించాడు.

"తుడవకు బిడ్డా," అన్నాడు. "గది క్యాసెట్‌ది."

చున్నీ అక్కడే ఆగింది. వీడియో దుకాణంలో పెరిగిన పిల్ల, ఇంకో మాట చెప్పనక్కరలేకపోయింది. ఆ పిడికిలిని మెల్లగా, ఒక్కొక్క వేలే విప్పింది. విప్పి, ఆ నల్లటి అరచేతిని తన చెంపకు ఆనించుకొని, వెనక అందరూ ఇంకా నవ్వుతుండగానే వెక్కి వెక్కి ఏడ్చింది.